ఆకు సీజను అయ్యాక

గోడౌన్లో గుమాస్తా బల్ల వెనక
ఏ కాలందో ఒక క్యాలెండరు.
తేదీలు చిరిగిపోయి బొమ్మొక్కటే మిగిలింది:
బూడిదరంగు సముద్రం,
చారల గుడ్డ కుర్చీల్లో
కోట్లు తొడుక్కొని కూర్చున్న తెల్లోళ్లు,
నీళ్లలోకి నడిచెళ్లి
మధ్యలో ఆగిపోయిన కొయ్య వంతెన.

కూలి డబ్బులకి వరసలో నిలబడ్డప్పుడల్లా
తొమ్మిది సీజన్లు చూశాను దాన్ని.
"యాడికి పోద్దండీ ఆ వంతెన?" అంటే
వెంకటప్పయ్య కళ్లజోడు పైనించి చూసి
"యాడికీ పోదు.
ఆ దేశంలో మిల్లు కూలీలు
ఏడాదికోసారి రైలెక్కి వచ్చేవాళ్లంట.
చివరిదాకా నడవడం, వెనక్కి రావడం.
అంతే" అంటూ
నా వేలి ముందుకి సిరాపెట్టె జరిపాడు.

ఈ ఏడు ఆఖరి చెక్కు కుట్టిన మర్నాడు
పదకొండు మందిమి తలా నూటయాభై వేసుకొని
ఏసోబు ట్రాలీ ఆటో మాట్లాడాం కొత్తపట్నానికి.
టంగుటూరు దాటకముందే ఒకసారి,
ఒంగోలు దాటాక ఇంకోసారి
ఖాశింబీ పులిహోర డబ్బా మూత తీసి వాసన చూపించి
మళ్లీ పెట్టేసింది.
దీనమ్మకి యాభై రెండేళ్లు. ఇదే మొదలు.
"ఉప్పు కొంటన్నాం గానీ
దాని పుట్టిల్లు ఎన్నడూ చూడలా" అంది.

మంగళవారం. జనం లేరు.
రిసార్టు అని రాసిన గేటుకి తాళం,
లోపల నీళ్లు లేని ఈతకొలనులో కుక్క.
సవారీ గుర్రం నిలబడే నిద్రపోతోంది,
దాని నుదుటి మీద కాగితప్పూలే మెలకువగా ఉన్నాయి.
కుర్చీ గంటకి పది రూపాయలన్నాడు కుర్రాడు.
నాలుగు తీసుకున్నాం, వంతులేసుకున్నాం.
మస్తానమ్మ తాసిల్దారులా చేతులు చాపి కూర్చుంది.
రాహేలు మాత్రం కాళ్లు పైకి ముడుచుకుంది,
ఆకు ముందు కూర్చున్నట్టే.

అప్పుడే వాన.
లేచి పరిగెత్తుదామని ఎవరూ అనలా.
బజ్జీల పొట్లం కొంగు కింద దాచుకొని
తడుస్తూ నములుతూ అట్లాగే చూస్తున్నాం,
డబ్బులిచ్చిన గంట ఇంకా అయిపోలేదు గదా.

చేపల గంప దించుకుంటున్న ఒకామె అరిచింది:
"లోపలికి పోబాకండమ్మా,
ఇక్కడ లోతు చెప్పి రాదు!"
చేతులు చేతులు పట్టుకున్నాం.
మోకాళ్లు, తొడలు, నడుము.
ఒక అల వచ్చి
పదకొండు చీరల్నీ ఒకే చీరలా లేపి దించింది.
ఇంక చాలనుకున్న చోట
అందరం ఒక్కసారే ఆగాం.
ఎవరు ఆపారో తెలీదు.
కొంచెంసేపు నిలబడి వెనక్కి వచ్చాం.

ఒడ్డున దీనమ్మ తడిఇసకతో
వేళ్ల మధ్య జిగురు రుద్దుకుంటోంది.
పోలా.
"సముద్రం అరిగిపోద్దేమో గానీ
పొగాకు పోదే" అని నవ్వి
ఆ చేతుల్తోనే ఇంత నీళ్లు నోట్లో పోసుకొని
మొహం చిట్లించి, మింగేసింది.

ఫొటో అబ్బాయి "ఇటు చూడండక్కా" అన్నాడు.
వెనక ఏదో పెద్దది విరిగిన చప్పుడైంది,
అందరం అటే తిరిగాం.
కాగితం మీదికొచ్చింది పదకొండు కొప్పులు,
అవతల తెల్లటి నురగ.
మళ్లీ తీస్తానన్నాడు. వద్దన్నాం.
ఒక కాపీకే డబ్బులున్నాయి.

నెలకొకరింట్లో ఆ ఫొటో.
ఇప్పుడు మా పాల డబ్బా మీద నిలబడి ఉంది,
అంచు ఉప్పుకి కొంచెం లేచింది.
పదకొండు నెలలకి పదకొండు ఇళ్లు సరిపోయినై,
పన్నెండోది ఎవరిదో తేలలా.
"గుమాస్తా గోడకి తగిలిద్దాం,
ఆ తెల్లోళ్లూ చూడొద్దా మనల్ని?" అంది రాహేలు.
దీనమ్మ ఒప్పుకోలా.
"కూలికి నిలబడే చోట
దాన్ని కూడా నిలబెట్టబాకండే" అంది.